బూరెలో పోసిన నెయ్యి

ఈ మాట మా ఆయనకు కూడా చెప్పలేదు. ఆయన పోయారు, ఇక చెప్పుకోవడానికీ లేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీ దగ్గర నోరు విప్పుతున్నాను. ఇన్నేళ్లుగా ఎవరింట విందుకు వెళ్లినా, నేతి గిన్నె నా విస్తరి దగ్గరికి రాగానే చేయి అడ్డం పెట్టేస్తాను. పడదని చెబుతాను. అది అబద్ధం.

యుద్ధం రోజులు. నరసరావుపేటలో మా కాపురం. మా ఆయన బడిపంతులు, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. బడి పెద్దలు ఐదుగురిని మధ్యాహ్నం భోజనానికి పిలిస్తే పని అవుతుందన్నారు అత్తగారు. పిలవడం తేలికే, పెట్టడమే కష్టం. బియ్యం రేషను, బెల్లం ప్రియం. "మన లేమి కనపడకూడదు, విస్తరి నిండుగా ఉండాలి" అని భారమంతా నా మీద వేశారు.

ఆ నేర్పు నాకుండేది. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది గానీ అప్పట్లో ఎంత గర్వమో! కొంచెం వడ్డించినా నిండిపోవాలని విస్తళ్లు చిన్నవి కుట్టాను. అన్నం చిన్న గిన్నెతో గుట్టలా బోర్లించాను. గోంగూర పచ్చడి మీద వేయించిన ఎండుమిరపకాయ నిలబెట్టాను. బూరెలు నిమ్మకాయలంత చేసి, పళ్లెంలో ముగ్గు వేసినట్టు పేర్చాను.

నెయ్యి దగ్గరే చిక్కు వచ్చింది. మావైపు బూరెకు వేలితో చిల్లి పొడిచి, అది నిండేదాకా నెయ్యి పోయించుకుంటారు. మధ్యలో ఎవరూ చాలనరు. ఎదురింటి రత్తమ్మ పిన్ని దగ్గర నెయ్యి తెచ్చాను. మొగుడు పోయాక రెండు బర్రెలను పెట్టుకుని పాలు, పెరుగు, నెయ్యి అమ్ముకుని బతికే మనిషి. "పంతులు పని కావాలమ్మాయ్" అంటూ ఒక గరిటె ఎక్కువే పోసింది. అయినా చాలదనిపించింది. సగానికి సగం వేరుశనగ నూనె కలిపాను. వాసన తెలియకుండా తమలపాకు వేసి కాచాను.

అందరూ వడ్డన మెచ్చుకుంటున్నారు. అంతలో ఒక పెద్దాయన బూరె కొరికి, నమలడం ఆపేశారు.

"ఇది నెయ్యేనా?"

సరిగ్గా అప్పుడే పెరుగు కుండతో పిన్ని లోపలికొచ్చింది. అత్తగారు ఆమె మీద విరుచుకుపడ్డారు.

"ఏమే రత్తమ్మా, నేతిలో ఏం కలిపావే?"

"నేనేం కలుపుతానక్కా? అమ్మాయి గిన్నెలోనే పోశాగా. అమ్మాయినే అడుగు."

అందరూ నావైపు చూశారు.

"నాకేం తెలుసు పిన్నీ? నువ్వు పోసిందే వడ్డిస్తున్నా."

"అట్టాగా అమ్మాయ్" అని, పిన్ని కుండ అక్కడే దించి వెళ్లిపోయింది. అమ్మినవాళ్ల మోసానికి పంతులేం చేస్తాడన్నారు పెద్దాయన. ఆ నెలలోనే ఉద్యోగం ఖాయమైంది.

నిజం చెబితే ఉద్యోగం పోయేదా? ఏమో. నేను భయపడింది దానికేనా? చాలా ఏళ్లు అలాగే సర్దిచెప్పుకున్నాను గానీ, కాదు. ఆ పూట నా చేతి వడ్డనకు వచ్చిన మెప్పు పోతుందని, అందరి ముందూ నా తల వంగుతుందని, అంతే. అంతమాత్రానికే ఆమె నోటికాడ కూడు పడగొట్టాను.

పొద్దుగూకేసరికి మాట వీధంతా పాకింది. వాడుక ఇళ్లన్నీ ఒక్కొక్కటే ఆమె దగ్గర పాలు పోయించుకోవడం మానేశాయి. వేసవి రాకముందే ఒక బర్రెను అమ్మింది, తర్వాత రెండోదాన్ని. రెంటచింతలలో తమ్ముడి పంచన చేరడానికి మూట కట్టుకుంది. వెళ్లేరోజు మా గడప దగ్గర ఆగి, "పంతులు పని అయిందిగా అమ్మాయ్" అంది. దీవించిందా, దెప్పిందా? నాకిప్పటికీ తెలియదు. ఆ ఉద్యోగం పెట్టిన అన్నమే మేము జీవితమంతా తిన్నాం.

రెంటచింతల ఎంత దూరమని! ఒక్కసారీ వెళ్లలేదు. ఆమె లేదని తెలిశాక ఏడ్చాను, అదీ పొగ పేరు చెప్పి పొయ్యి దగ్గర. క్షమించమని అడగడానికి మనిషి లేదు. మిమ్మల్ని అడగను, అది మీ చేతిలోది కాదు. ఒక్క ముక్క మాత్రం వినండి. ఆ రోజు నూనె కలిపింది నేను. రత్తమ్మ పిన్ని పోసింది మంచి నెయ్యి.