ఎండ ఎక్కాక పడిపోయే అంకె

నేను చదివింది ఏడో తరగతి. అయినా ఫోనులో వీడియోలు చూసి చూసి, చిన్న చిన్న ఎలక్ట్రానిక్ బోర్డులు కొని తీగలు కలపడం అలవాటైంది. ప్రోగ్రాము రాయడం నాకు రాదు. ఏం కావాలో తెలుగులో చెబితే ఫోనులోని ఏఐ రాసిస్తుంది, నేను బోర్డులోకి ఎక్కిస్తాను. అది ఎందుకు పనిచేస్తుందో ఇప్పటికీ తెలియదు.

మొన్న వేసవిలో ఏలూరు వెళ్లి, నీళ్లలో ఆక్సిజన్ కొలిచే కడ్డీ తెచ్చి, కొల్లేటికోట దగ్గరున్న మా చేపల చెరువులో కట్టాను. అంకె ఫోనుకి వచ్చేది. రాత్రంతా ఆక్సిజన్ తగ్గుతూ వచ్చి చెరువుకి గండం తెల్లవారుజామున, ఎండ ఎక్కితే తేరుకుంటుందని మా వైపు చిన్నపిల్లలకీ తెలుసు. నా అంకె మాత్రం తెల్లారి బాగుండి, ఎండ ఎక్కాక పడిపోయేది. తీగలు మార్చాను. ప్రోగ్రాము మూడుసార్లు మార్పించాను. ఫోను మూడు కారణాలు చెప్పింది, మూడూ నిజమేననిపించాయి.

నాలుగో రోజు మా ఆయన అంకె చూసి భయపడ్డారు. ఇంకా రెండు నెలలు పెరగాల్సిన చేప. చచ్చి తేలేదానికన్నా ఇప్పుడే పట్టించేస్తానని వలవాళ్లను పిలిచారు. మర్నాడు పొద్దున్నే వాళ్లు గట్టు మీద వల దించారు. అంకె తప్పైతే పిల్లచేపను అమ్ముకున్నట్టే. ఒప్పైతే, ఆపమన్న పాపం నాది.

మేత వేసే పెద్దాయన దోనె గట్టుకి చేర్చి, సంగతంతా విన్నాడు.

"ఆ కడ్డీ ఎక్కడ కట్టారండీ?"

"మేత కర్రకే బాబాయ్. నడి చెరువులో గట్టిగా ఉన్నది అదేగా."

తవుడు నింపిన చిల్లుల సంచులు రోజూ ఎండ ఎక్కే వేళకి ఆయన కట్టేది ఆ కర్రలకే.

"సంచి కట్టగానే చెరువులో చేపంతా అక్కడికే వస్తుంది కదమ్మా. భోజనాల పందిట్లో ఊపిరాడలేదని ఊరు ఖాళీ చేయిస్తారేంటండీ?"

వలవాళ్లు నవ్వారు. ఆయనే దోనెలో వెళ్లి, కడ్డీని మేతకి దూరంగా వేరే కర్ర పాతి కట్టాడు. ఎండతోపాటు అంకె పెరుగుతూ వచ్చింది. వలవాళ్లు టీ తాగి వెళ్లిపోయారు. చేప చెరువులోనే ఉంది.

కానీ నాకు తేలలేదు. ఒక్క చెరువుకి రెండు అంకెలేమిటి? ఫోనుని అడిగితే రెండూ సరైనవేనంది.

"మరి రేపు ఏది చూసి భయపడాలో అది కూడా అడుగు" అన్నారు మా ఆయన.

అడగలేదు. ఇంకో కడ్డీ కొందామనుకున్నాను గానీ, మూడో అంకె వస్తుందేమోనని ఊరుకున్నాను.