చింతపండుతో తోమిన చిత్రికలు

నా చిన్నప్పుడు, నాకు పదో ఏడు నడుస్తుండగా, ఒక ఆశ్వయుజ మాసపు ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు, మా తాతయ్య తన బెల్లం దుకాణంలోని పెద్ద కాటా మీద ఒక ఇనప్పెట్టెను తూచారు. ముల్లు నలభై ఒకటిన్నర కిలోల దగ్గర ఆగింది. ఆ పెట్టె రియాద్‌లో విమానమెక్కి, బొంబాయిలో దిగి, అక్కడ సుంకం చెల్లించుకుని, రెండు రైళ్లు మారి తాడేపల్లిగూడెం చేరింది. స్టేషను నుంచి దుకాణం దాకా ఉన్న ముప్పావు కిలోమీటరూ రిక్షాలో వచ్చింది. దాన్ని తెచ్చినది మా బాబాయి, అంటే మా నాన్నగారి తమ్ముడు.

తరతరాలుగా బెల్లం, చింతపండు, ఉల్లిపాయలు అమ్ముకునే ఇంట్లో పుట్టి, బాబాయి ఏలూరు వెళ్లి ఐటీఐలో వడ్రంగం నేర్చుకోవడం తాతయ్యకు ఎన్నడూ మింగుడుపడలేదు. ఆ తరువాత నాలుగేళ్లు రియాద్‌లో తలుపులు చేసే కార్ఖానాలో పనిచేసి, తిరిగి వచ్చేటప్పుడు ఆయన తెచ్చుకున్నది ఈ పెట్టె ఒక్కటే.

"గల్ఫు వెళ్లినవాళ్లు బంగారం తెస్తారు. మావాడు కాటాకి పనికొచ్చేది తెచ్చాడు," అన్నారు తాతయ్య, ముల్లు మీద నుంచి చూపు తిప్పకుండా.

పక్కింటి పిన్నిగారు మెడ సాచి చూసింది. "టేపురికార్డరు అడుగున పెట్టుంటాడండీ. పూర్తిగా తియ్యి బాబూ, చూస్తాం."

అడుగున ఉన్నవి రంపాలు. వాటి పైన పన్నెండు ఉలులు, ఆరు చిత్రికలు. ఉలులూ రంపాలూ నెలకొకటి చొప్పున, జీతం అందిన రోజున, బజారులో కొన్నవి. చెక్కను నునుపు చేసే ఆ చిత్రికలు మాత్రం కార్ఖానా విడిచి స్వదేశానికి వెళ్లిపోతున్న ఒక ముసలి విదేశీ వడ్రంగి దగ్గర బేరమాడి తీసుకున్నవి. వాటి దిమ్మలు లేత గోధుమరంగు కర్రతో చేసినవి. ఆరింటిలో మూడింటికి బ్లేళ్లు వంపు తిరిగి ఉండేవి. వాటిని తలుపు అంచు వెంట నడిపిస్తే, మా ప్రాంతంలో అప్పటిదాకా ఎవరూ చూడని నగిషీ పడుతుంది. అన్నిటికీ దట్టంగా గ్రీజు పూసి, నూనె కాగితంలో చుట్టి ఉంచాడు. ఆ గ్రీజు ఎందుకో ఆయన ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆ పెట్టె జోలికి ఎవరైనా వెళతారని ఆయనకు తోచి ఉండదు.

బాబాయికి మళ్లీ ఆ దేశం వెళ్లాలని లేదు. కలిదిండిలో చేపల చెరువుల ఆసామి ఒకాయన కొత్త ఇల్లు కడుతున్నారు. ఆ నగిషీ నమూనా చూసి, ఎనిమిది తలుపులకు బయానా ఇచ్చారు. కార్తీక మాసంలో గృహప్రవేశం. ఆ ఎనిమిదీ అనుకున్న రోజుకు నిలబెడితే, చెరువుల మీద సంపాదించిన మిగతా ఇళ్లవాళ్లు తామే వెతుక్కుంటూ వస్తారని, ఏలూరులో ఒక షెడ్డు అద్దెకు తీసుకుని ఇక్కడే స్థిరపడవచ్చని ఆయన ఆశ. అది జరగకపోతే, రియాద్ కార్ఖానాలో ఆయన చోటు ఇంకా ఖాళీగానే ఉంది.

మహర్నవమి నాడు తెల్లవారకముందే ద్వారబంధాల కొలతలు తీసుకోవడానికి బాబాయి కలిదిండి బస్సెక్కాడు. మా ఇంట్లో ఆ రోజున ఆయుధపూజ. మా ఆయుధం తక్కెడ. ఏటా మా నాయనమ్మ దుకాణం నుంచి ఇత్తడి సిబ్బెలనూ, తూకపు రాళ్లనూ తెప్పించి, చింతపండుతో తోమి, ఎండలో ఆరబెట్టి, పసుపు కుంకుమలతో అలంకరించి పూజలో ఉంచేది. ఆ ఏడు ఆవిడ సంతోషానికి హద్దు లేదు. నాలుగేళ్ల తరువాత కొడుకు ఇంటికి వచ్చాడు. వాడికీ ఒక వృత్తి ఉంది. వాడి ఆయుధాలను పూజకు పెట్టకపోవడం ఆవిడ దృష్టిలో వాడిని పరాయివాడిగా చూడటమే.

నేను ఆటల నుంచి వచ్చేసరికి పెరటి అరుగు తళతళలాడుతోంది. ఉలులు, రంపాలు, చిత్రికల బ్లేళ్లు వెండిలాగా ఉన్నాయి. చిత్రికల దిమ్మలు నీళ్ల గాబులో రెండు గంటలు నానిన తరువాత ఎండలో ఆరుతున్నాయి. సాయంకాలం నాలుగు గంటలకు అన్నీ పూజగదికి చేరాయి. ప్రతి బ్లేడు మీదా తడి పసుపు, దాని మీద కుంకుమ బొట్టు, రంపాలకు బంతిపూల దండలు.

బాబాయి ఏడు గంటలకు వచ్చాడు. చెప్పులు విడిచి, పూజగది గడప దగ్గర అలాగే నిలబడిపోయాడు.

"అమ్మా, వీటిని కడిగావా?"

"కడక్కుండా పూజలో పెడతారేవిట్రా? ఎవరెవరి చేతుల్లో పడి వచ్చాయో! ఆ జిడ్డు వదలడానికి కిలోన్నర చింతపండు పట్టింది. ఎలా ఉన్నాయో చూడు, మీ నాన్న తక్కెడ దిగదుడుపు."

"బాగున్నాయమ్మా. కాస్త నూనె గుడ్డతో తుడిచి పెట్టేస్తాను."

"ఉద్వాసన చెప్పకుండా ముట్టుకుంటావా? నాలుగేళ్లు ఆగినవాడివి, పొద్దున్నదాకా ఆగలేవూ?"

ఇక్కడే ఇన్నేళ్ల తరువాత కూడా నాకు ఓపిక నశిస్తుంది. నానిన కర్ర సంగతి అప్పటికే చేయి దాటిపోయింది, నిజమే. కాని ఇనుమును కాపాడుకోవడానికి ఇంకా వ్యవధి ఉంది. ఒక పాత గుడ్డ, పావు లీటరు కొబ్బరినూనె, అరగంట సమయం చాలు. బాబాయికి ఆ లెక్క నాకంటే బాగా తెలుసు. ఆయన నాయనమ్మ చేతుల వైపు చూశాడు. పొద్దుటి నుంచి చింతపండు పులుసులో నాని, ఆవిడ వేళ్ల కొసలు తెల్లబడి పగిలి ఉన్నాయి. ఆయన వెళ్లి కాళ్లు కడుక్కుని భోజనానికి కూర్చున్నాడు.

ఆ రాత్రి కొల్లేటి మీదుగా వచ్చిన గాలితో సన్నగా వాన పడింది. ఉదయం ఉద్వాసన చెప్పి తలుపు తెరిచేసరికి ఉలులన్నీ ఇటుకపొడి చల్లినట్టు ఎర్రగా ఉన్నాయి. బొట్టు తుడిచిన ప్రతిచోటా ఇనుము నల్లబడి గుంటలు పడి ఉంది. ఏళ్ల తరబడి ఎడారి గాలికి ఎండిన కర్ర ఒక్క రోజులో నీళ్లు తాగి, వెంటనే ఎండ సోకేసరికి, ఆరు దిమ్మల్లో నాలుగు నిలువునా చీలాయి. నగిషీ తీసే మూడూ ఆ నాలుగింటిలోనివే.

నాయనమ్మ ఒక ఉలిని వెలుతురుకు పట్టి చూసింది. "ఒరేయ్, ఇది అసలు మంచి ఇనుమేనా? ఎన్నేళ్లనుంచి తక్కెడ తోముతున్నాను, ఒక్క మచ్చ పడిందా? నిన్నెవడో నిలువునా ముంచాడ్రా నాయనా!"

ఆవిడ తర్కంలో లోపం వెతకడం కష్టం. అదే చింతపండు, అదే చెయ్యి, అదే ఎండ. మారింది సరుకు ఒక్కటే. ఇత్తడికీ ఉక్కుకూ ఉన్న తేడా ఆవిడకు ఎవరూ చెప్పలేదు. అందరం బాబాయి ముఖం వైపు చూశాం.

"అవునమ్మా," అన్నాడు ఆయన. "నాసిరకం అంటగట్టినట్టున్నాడు. నేనే చూసుకోలేదు."

మరో ఇంట్లో అయితే అది చిన్న మాట. మా ఇంట్లో అమ్మకంలో నష్టపోయినవాడికి మళ్లీ అవకాశం ఉండేది గాని, కొనుగోలులో మోసపోయినవాడికి విలువ ఉండేది కాదు. సరుకు చేతిలోకి తీసుకుని రకం చెప్పలేనివాడిని తాతయ్య మనిషిగా లెక్కించేవారు కాదు. "నాలుగేళ్లు చెమటోడ్చి తుప్పు కొనుక్కొచ్చాడండీ మా రెండోవాడు," అని దుకాణానికి వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వేవారు. ఆ నవ్వులో ఆయన బాధ కూడా ఉండేదని ఇప్పుడు తెలుస్తోంది. మాట మాత్రం ఉల్లిపాయల లారీలతోపాటు ఏలూరు దాకా వెళ్లింది.

పది రోజులకు కలిదిండి ఆసామి స్వయంగా వచ్చారు. అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగి, ఎంతో మర్యాదగా మాట్లాడారు. "పనితనానికి వంక పెట్టట్లేదండీ. సామాను మోసమైందని గూడెమంతా అనుకుంటున్నారు. మా ముహూర్తం ఆగదు కదండీ. మీరేమీ అనుకోకూడదు." బాబాయి లోపలికి వెళ్లి బయానా తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు.

ఆ మధ్యాహ్నం బాబాయి పెరట్లో సానరాయి ముందు కూర్చుని ఉలి అరగదీస్తుంటే, దగ్గరికి వెళ్లి అడిగాను. అప్పటికే నాకు ఉక్రోషంగా ఉంది.

"నాయనమ్మ కడిగిందనే కదా పాడయ్యాయి? అలా ఎందుకు చెప్పావు?"

"ఉలి అరగదీస్తే వస్తుంది అమ్మలూ. నిజం చెబితే మీ నాయనమ్మ ఇక నా వస్తువు ఒక్కటీ ముట్టుకోదు. కంచం తీసేటప్పుడు కూడా అడుగుతుంది, తియ్యనా అని."

"మరి నిన్ను అందరూ చేతకానివాడు అంటున్నారుగా?"

ఆయన రాయి మీద నీళ్లు చల్లాడు. "అననీ," అన్నాడు. ఆ మాటలో శాంతం లేదు. పళ్లు బిగపట్టి అన్న మాట అది. మంచితనం నవ్వుతూనే ఉంటుందని అప్పటిదాకా అనుకునేదాన్ని. కోపాన్ని మింగుతూ కూడా మనిషి ఒకరిని కాపాడగలడని ఆ సానరాయి దగ్గర చూశాను.

మాఘ మాసంలో ఆయన మళ్లీ రియాద్ ప్రయాణమయ్యాడు. స్టేషనులో నాయనమ్మ ఆయన చేతికి పులిహోర పొట్లం ఇచ్చి, కళ్లు తుడుచుకుంటూ చెప్పింది: "ఈసారి రకం చూసి కొనుక్కో నాయనా." ఆయన తల ఊపి రైలెక్కాడు. అసలు సంగతి ఆవిడకు చివరిదాకా తెలియదు.

నేను పెద్దయ్యాక లోహాలను పరీక్షించే ప్రయోగశాలలో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. విరిగినవీ, తుప్పుపట్టినవీ నా బల్ల మీదికి వచ్చేవి. 'నాసిరకం' అనే మాట ముందే ఎవరో రాసేసి పంపేవారు. నేను దాని మీద సంతకం చేసే ముందు, ఆ వస్తువును ఎక్కడ ఉంచారు, దేనితో కడిగారు, ఎవరు ఏ ఉద్దేశంతో కడిగారు అని అడిగేదాన్ని. మనుషుల విషయంలోనూ అంతే. ఎవరినైనా పనికిరానివాడని నలుగురూ తేల్చేస్తే, అతను ఎవరి తప్పును తన మీద వేసుకున్నాడో అన్న సందేహం నాకు కలుగుతుంది. ఆ అలవాటు బాబాయి ఇచ్చినదే. ఆ అరగంట విషయంలో ఆయన మీద కోపం కూడా ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

చివరి లెక్క ఇది. బొంబాయిలో కట్టిన సుంకం, రియాద్ జీతంలో ఒక నెల. చీలిపోయిన చిత్రికలు నాలుగు. అరగదీసి పనికి తెచ్చుకున్న ఉలులు తొమ్మిది, పారేసినవి మూడు. చేజారిన తలుపులు ఎనిమిది. మళ్లీ పరదేశంలో గడిపిన కాలం మూడేళ్లు. ఏలూరులో షెడ్డు పెట్టలేదు.