వెదురు గొట్టంలో నూరు రూపాయలు

మొన్న అటక దులుపుతుంటే నా చిన్నప్పటి వెదురు గొట్టం దొరికింది. మూత తీస్తే ఎండుచేప వాసన. ఇన్నేళ్ళ తర్వాత నిజంగా ఉందో, నా ముక్కు ఊహించుకుందో గానీ, అమ్మమ్మ గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి.

అరకులో చలికాలమంటే పొద్దెక్కినా మంచు విడవదు, పొలాల నిండా వలిసెపూలు పచ్చగా విరగబూసి ఉంటాయి, అమ్మమ్మ మాత్రం నేత చీరకొంగు చెవులకు చుట్టుకుని, రాగి అంబలి కాస్తూ, దగ్గుతూ పొయ్యి ముందే ఉండేది. క్రిస్మస్‌కి ఆవిడ స్వెట్టర్ వేసుకుని చర్చికి రావాలని నా పంతం. ధర నూరు రూపాయలు. రైలు కిటికీల దగ్గర జామకాయలమ్మి, పావలా అర్ధరూపాయిలన్నీ గొట్టంలో వేసి నూరు చేశాను. తీరా వెళితే స్వెట్టర్లవాడు, "ఇంత సిల్లర నేన్మొయ్యలేను, నోటట్టుకురా" అన్నాడు.

షావుకారు దగ్గరికి పరిగెత్తాను. నోట్లు కావాలంటే తొంభై అయిదే ఇస్తాడట, సరుకు తీసుకుంటే నూటికి నూరూ కడతాడట! సబ్బులూ బెల్లమూ నేనేం చేసుకోను? ఏడుపుమొహంతో ఇంటికొచ్చి, స్వెట్టర్ ఎవరికో తప్ప జరిగిందంతా చెప్పాను.

"ఓసి పిచ్చిగుంటా! ఆడికి సిల్లర బరువు. ఎవులికి కరువో ఆల్ని ఎతుక్కోవాల. రేపు సంత, బేగి లెగు" అంది అమ్మమ్మ.

మర్నాడు మంచులో నడిపించి తీసుకెళ్ళి, నన్ను ఎండుచేపలమ్మే ఆవిడ ముందు నిలబెట్టింది. పిప్పళ్ళూ చింతపండూ అమ్ముకున్నవాళ్ళు పెద్దనోట్లతో వచ్చి రెండ్రూపాయల చేపలడుగుతున్నారు. తిరిగివ్వడానికి చిల్లర లేక బేరాలు పోతున్నాయి. నేను గొట్టం బోర్లించగానే, "నా తల్లే! దేవుడంపినట్టొచ్చినావు" అంటూ నూరు నోటిచ్చి, ఖాళీ గొట్టంలో గుప్పెడు ఎండు నెత్తళ్ళు కొసరు పోసింది.

స్వెట్టర్ల అంగట్లో నేను పెద్దది చూపించాను.

"అది నీకు గోనెసంచిలాగుంటాదే!"

"నాక్కాదు, నీకే."

అమ్మమ్మ డబ్బులన్నీ తగలేశానని దారిపొడుగునా తిట్టింది. తిడుతూనే తొడుక్కుంది, ఎండెక్కినా విప్పలేదు.

ఈ శుక్రవారం ఇంట్లో పడున్న రూపాయి బిళ్ళలు ఆ గొట్టంలోనే వేసుకుని సంతకెళ్ళాను. ఎండుచేపల దగ్గర కూర్చున్న అమ్మాయి బిళ్ళలు చూసి నవ్వింది. "ఇప్పుడు సిల్లరెవులికి కావాలమ్మా? ఫోన్లో కొట్టీ."

కొట్టాను. ఆమె పక్కనున్న డబ్బా ఎంతొచ్చిందో గట్టిగా చదివింది. తూచినవి తూచినట్టు కవర్లో వేసిచ్చింది. నేను గొట్టం మూత తీసి పట్టుకుని అలాగే నిలబడ్డాను.

"ఇంకేటమ్మా?" అంది.

ఏమీ లేదని మూత పెట్టేశాను.