మొదటి దుడ్లకు ఓలిగలు

ఈ పొద్దున ఎదురింటి వదిన చిన్న కూతురు వచ్చి, తనకూ నిరుద్యోగ భృతి పడిందని చెప్పింది. "దేవుడి ముందర దీపం పెట్టు తల్లీ" అన్నాను. "దీపమేనా అత్తా? ఓలిగలు లేవా?" అని నవ్వింది. గాంధీనగర్‌లో మా వీధి ఆ ఓలిగల, అదే బొబ్బట్ల, సంగతి ఇంకా మరచిపోలేదు.

మా అమ్మాయి డిగ్రీ ముగించి ఇంట్లో ఉన్న రోజులవి. నేను బడికి పోయినదాన్ని కాదు. మా నాయన ఇసుకలో దిద్దించిన అక్షరాలే నా చదువు. కూతురు పట్టా తెస్తే నాకు ఆ ఏడాదంతా పండగలాగే ఉండింది. దానికి మాత్రం కాదు. ఇంకా ఉద్యోగం రాలేదా అని ఎవరైనా అడుగుతారని గడప దాటడమే మానేసింది. తెల్లవారకముందే ముగ్గు వేసి లోపలికి వచ్చేసేది. భృతికి అర్జీ పెట్టుకోమని వాళ్ల నాయన ఒప్పించారు గానీ, తనకింకా పని లేదని నెలనెలా తానే చెప్పుకోవాలని తెలిసి, ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

ఇంట్లో ఎవరి మొదటి సంపాదన వచ్చినా ఓలిగలు చేసి, దేవుడికి పెట్టి, వీధిలో పంచడం మా పుట్టింటి ఆనవాయితీ. భృతి పడిందనగానే శనగబేడలు ఉడకేశాను. దేవుడిచ్చాడు, అంతే, అది సంపాదనా కాదా అని నాకు తోచనే లేదు. "సర్కారు దుడ్లకు ఓలిగలేందే!" అన్న ఆయనే, నైవేద్యం కాగానే నెయ్యి గిన్నెతో అందరికంటే ముందు కూర్చున్నారు.

సాయంత్రం ఎదురింటి వదిన, నేను ఓలిగలు పంపిన గిన్నె ఖాళీగా ఇవ్వకూడదని చక్కెర పోసుకొని వచ్చింది. "ఏం వదినా, పిల్లకు కెలసం దొరికిందంట! యాడ? కూరెకుప్ప పక్క ఫ్యాక్టరీలోనా? మాకు చెప్పకుండా దాచిపెడతాండావే!"

కాదంటే లోపలున్న బిడ్డకు తలవంపు. అవునంటే ఆ నైవేద్యం అందుకున్న దేవుడి ముందరే అబద్ధం. అంతలో మా అమ్మాయే బయటికి వచ్చి నిలబడింది.

"కెలసం లేదత్తా. లేదని సర్కారు ఇచ్చిన దుడ్లకే మాయమ్మ ఓలిగలు చేసింది."

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. "అట్లనా! మా పెద్దదీ చదువు ముగించి ఇంట్లోనే కూసోని నన్ను తింటాండాది. దానికీ యెట్ల అడగాలో చెప్పమ్మా, నీకి పుణ్యముంటాది. ఈ తూరి ఓలిగలు నేను చేస్తా."

మర్నాటి నుంచి మా మెట్ల మీద మా అమ్మాయి, దాని చుట్టూ భృతికి అర్జీ పెట్టుకోను ఫోన్లు పట్టుకొని వీధిలో చదువు ముగించిన పిల్లలు. ఇప్పుడది ఉద్యోగానికి పోతోంది. మొదటి జీతానికీ ఓలిగలు చేశాను, దేవుడి దయ. పని లేని ఆ నెలలు ఊరికే పోతున్నాయని అప్పట్లో దిగులుపడ్డాను. నా బిడ్డ గడప దాటింది ఆ నెలల్లోనే.