మా బావ మూగనోము

మా అక్కకు ఈ సంబంధం వచ్చినప్పుడు మా నాన్న ఒక్కటే అడిగాడట: "కుర్రాడు మాట్లాడతాడా?" అంతకుముందు చూసిన సంబంధంలో అబ్బాయి కాఫీ కప్పు తీసుకోవడానికి కూడా తల ఊపడమే తప్ప పెదవి విప్పలేదు మరి. "మాట్లాడతాడండీ" అన్నాడు మధ్యవర్తి. ఆ మనిషి జీవితంలో నిజం చెప్పి కుదిర్చిన పెళ్ళి అదొక్కటే అయ్యుంటుంది.

మా బావ సైకిల్ గైడు. మా ఊరికి పైన ఒక సరస్సు ఉంది. దాని వెనక ఏరు కొండను కోసుకుంటూ పోయిన ఇరుకు లోయ, లోయ దాటితే ఇంకో సరస్సు. ఆ రెంటినీ కలిపే పాత రోడ్డును, కొండ అవతల కొత్త రోడ్డు వేశాక కార్లు మరిచిపోయాయి. కార్లు మరిచిపోయిన రోడ్డు మీద కంపెనీల కన్ను పడుతుంది. "ప్రశాంత మార్గాల్లో సైకిల్ యాత్ర" అని బోర్డు కట్టి, ఎవరబ్బ సొత్తూ కాని నిశ్శబ్దాన్ని టిక్కెట్టు పెట్టి అమ్మే కంపెనీ ఒకటి వెలిసింది. అందులో మా బావ ముందు సైకిల్ తొక్కుతాడు, నేను వెనక సామాన్ల వ్యాన్ తోలుతాను. డబ్బులిచ్చినవాళ్ళు మధ్యలో ఆయాసపడతారు.

ఊళ్ళో మా బావను రేడియో అంటారు. "రేడియోకైతే మీట ఉంటుంది కదరా" అంటుంది అక్క. ఎత్తు ఎక్కేటప్పుడు మెడ వెనక్కి తిప్పి మాట్లాడతాడు, పల్లం దిగేటప్పుడు గాలికి పోటీగా అరుస్తాడు. లోయ మొదట్లో రోడ్డు మీదికి ఒరిగిన బండ ఒకటుంది. అలిగిన పెళ్ళికూతురు ఉంగరం విసిరికొట్టింది ఆ బండ కిందే. మర్నాడు వచ్చినవాళ్ళకు, దొంగలు మూటలు పంచుకున్నదీ ఆ బండ కిందే. నిజానికి దాని గురించి మా బావకు తెలిసిందల్లా అది బండ అని మాత్రమే. అయినా ఆ కథ వింటూ ఊబకాయులు సైతం ఎత్తు ఎక్కుతున్నామన్న సంగతి మరిచి ఎక్కేసేవాళ్ళు. నేను మాత్రం వ్యాన్ అద్దాలు పైదాకా ఎత్తుకునేవాణ్ణి. ఆ కథలన్నీ నాకు ఎలాగూ తప్పేవి కావు. సాయంత్రం వంటింటి గుమ్మంలో నిలబడి అక్కకు మళ్ళీ చెప్పేవాడు, నేను అక్కడే భోజనానికి కూర్చునేవాణ్ణి. అక్క గిన్నెలు తోముతూ "ఇక చాల్లెండి, చెవులు చిల్లులు పడుతున్నాయి" అనేది. ఆ దారిని ఆమె ఎన్నడూ చూసింది లేదు.

ఇలా ఉండగా కంపెనీకి కొత్త మేనేజరు వచ్చాడు. వస్తూనే ఆఫీసు గోడకు సరస్సు ఫొటో పెట్టించి, దాని కింద "నిశ్శబ్దమే మా సరుకు" అని రాయించాడు. మమ్మల్నందరినీ కూర్చోబెట్టి మౌనం గొప్పతనం గురించి పొద్దుటి నుంచి భోజనాల వేళదాకా మాట్లాడాడు. మౌనం మీద అంత మాట్లాడొచ్చని మా బావకే తెలియదు, నోరు తెరుచుకుని విన్నాడు. చివర్లో మేనేజరు ఆయనవైపు తిరిగాడు.

"గైడు గారూ, జనం ఇక్కడికి వచ్చేది మీ మాటలు వినడానికి కాదు. మాటలెక్కువయ్యాయని ఇంకొక్క ఫిర్యాదు వచ్చిందో, మీరు ఇక షెడ్డులోనే. గొలుసులకు నూనె పెట్టుకుంటూ ఉండొచ్చు."

షెడ్డుకు కిటికీ లేదు. మా బావకు ఆ రోడ్డంటే ప్రాణం. అక్కడ మలుపు మలుపుకూ ఆయన ఒక కథ కట్టి పెట్టుకున్నాడు. ఆ సాయంత్రం ఇంటికి పోయి పొడిగా నాలుగు మాటలు చెప్పి పడుకున్నాడు. అక్క నాకు ఫోన్ చేసింది. "ఒరేయ్, మీ బావకు ఒంట్లో బాగాలేదేమో, డాక్టరుకు చూపిద్దామా?" అంది.

తర్వాతి యాత్రకు వచ్చింది ముగ్గురే: ఒక పళ్ళ డాక్టరు, ఆయన భార్య, రిటైరైన జడ్జి గారు ఒకాయన. మేనేజరు మైకు పట్టుకుని నిశ్శబ్దం గురించి ప్రసంగించి జెండా ఊపాడు. మా బావ చొక్కా గుండీ ఒకటి తెంపి నాలుక కింద పెట్టుకున్నాడు. నోరు తెరిస్తే అది పడిపోతుంది, పడితే గుర్తొస్తుంది, అదీ లెక్క. ఇక అంతా చేతి సైగలే. గుంత ఉంటే కిందికి చూపిస్తాడు, మలుపుంటే పక్కకి చూపిస్తాడు.

మొదటి సరస్సు పక్కన అంతా బాగానే ఉంది. "అబ్బ, ఎంత హాయిగా ఉందో!" అంది డాక్టరు భార్య. ముందు నుంచి మాట వినబడకపోయేసరికి నాకే తోచక అద్దాలు దించాను. నీళ్ళ చప్పుడు, గొలుసుల చప్పుడు, అంతే. ఆ హాయిలో ఇంకాస్త దూరం పోయాక ఆవిడకేదో గుర్తొచ్చింది.

"పోయినేడు మీ అమ్మ నన్ను నలుగురిలో అన్న మాట గుర్తుందా మీకు?"

"ఇప్పుడెందుకే అది?"

"ఇంకెప్పుడు? ఇంట్లో టీవీ, క్లినిక్కులో జనం. మీరు ఖాళీగా దొరికింది ఇవ్వాళే."

అప్పటికి లోయలోకి వచ్చాం. ఆ లోయ గోడలు అన్న మాటను అన్నట్టే తిరిగి ఇచ్చేస్తాయి. డాక్టరు ఒకసారి "మా అమ్మనేమీ అనకు" అంటే అది మూడుసార్లు వినబడింది. ఆవిడకు మూడింతలు మండింది. వెనకొస్తున్న జడ్జి గారికి పాత అలవాటు ఊరుకోనివ్వలేదు. "నేను విన్నంతవరకు తప్పు భర్తదే" అని తీర్పు చెప్పాడు. "మిమ్మల్ని ఎవరడిగారండీ?" అని మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒక్కటై ఆయన మీద పడ్డారు. సరిగ్గా ఆ బండ కింద ముగ్గురూ సైకిళ్ళు ఆపేసి అరుచుకున్నారు. బండ మీది పక్షులు లేచిపోయాయి.

మా బావ ముందు ఒక కాలు నేల మీద ఆనించి నిలబడ్డాడు. ఒకసారి బండను చూశాడు, ఒకసారి వాళ్ళను చూశాడు. పెళ్ళికూతురు కథ ఎత్తుకుంటే చాలు, ముగ్గురూ నోళ్ళు మూసుకుని వింటారు. ఇన్నాళ్ళూ జరుగుతున్నది అదేనని నాకప్పుడు తెలిసింది. ఆయన మాట్లాడినంతసేపూ మిగతావాళ్ళకు మాట్లాడుకోవలసిన ఖర్మ తప్పేది. మా బావ గుండీని బుగ్గలోకి తోసి నోరు తెరవబోయాడు. నావైపు చూశాడు. దాయాది చావు కోరితే బావమరిది బతుకు కోరతాడంటారు. నేను వ్యాన్‌లోంచి వద్దు వద్దని వేలు పెదవి మీద పెట్టి చూపించాను. ఆయన మళ్ళీ ముందుకు తిరిగాడు.

లోయ అవతలి సరస్సును ముగ్గురిలో ఎవరూ చూడలేదు. తిరుగు ప్రయాణంలో ముగ్గురూ నా వ్యాన్ ఎక్కేశారు, ఊరొచ్చేదాకా ఒకరినొకరు దులిపేసుకుంటూనే ఉన్నారు. మా బావ ఒక్కడే ఆ దారంతా తొక్కుకుంటూ వచ్చాడు.

మర్నాడు మేనేజరు పిలిపించాడు. "ముగ్గురికి ముగ్గురూ అదే మాట చెప్పి వెళ్ళారు. యాత్ర అంతా విపరీతమైన మాటలట, ప్రశాంతత మచ్చుకైనా లేదట. ఏమంటారు?"

మా బావ నాలుక కింది గుండీని ఇటు నుంచి అటు సర్దుకున్నాడు.

"చూశారా, సమాధానం లేదు!"

నాకు ఒళ్ళు మండిపోయింది. "సార్, ఆయన పెదవి విప్పితే ఒట్టు! మాట్లాడిందంతా వాళ్ళే."

"ఏమయ్యా డ్రైవరూ, వాళ్ళ మాటల మీద వాళ్ళే ఫిర్యాదు చేసుకుంటారా? కాస్త బుర్ర ఉండాలి."

బుర్ర ఉన్నవాడితో ఏం వాదిస్తాం? జీవితమంతా మాట్లాడి నెగ్గుకొచ్చిన మనిషి, మాట్లాడాడన్న నేరానికి, మాట్లాడని రోజే దొరికిపోయాడు. మా బావ నోట్లోంచి గుండీ తీసి మేనేజరు బల్ల మీద పెట్టి బయటికొచ్చేశాడు. అదేమిటో మేనేజరుకు అర్థం కాలేదు. దాన్ని చెత్తబుట్టలో వేసి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు.

షెడ్డులో ఆయన బాగానే పని చేశాడు. ఇంట్లో మాత్రం కొత్తల్లో హాయిగానే ఉందన్న అక్క, వారం తిరక్కుండా మా ఇంటికొచ్చి కూర్చుంది. "పిలిస్తే పలుకుతున్నాడు, పెట్టింది తింటున్నాడు. పరాయి మనిషితో కాపురం చేస్తున్నట్టుందిరా" అని కళ్ళు తుడుచుకుంది. కొంగు దోపుకుని లేస్తూ, "ఆదివారం మూడు సైకిళ్ళు పట్రా" అంది.

"నీకు తొక్కడం వచ్చా?"

"నీకు నేర్పిందెవర్రా, వెధవా?"

ఆదివారం ముగ్గురం బయల్దేరాం. బావ ముందు, అక్క మధ్యన, నేను వెనక. అక్క సరస్సు చూసి "ఇంత పెద్దదా!" అని ఆగిపోయింది. ఆయన తల ఊపాడు. లోయలోకొచ్చాక బండ కింద దిగింది.

"ఏమండీ, ఇదేనా ఆ బండ? దీని కథేంటి?"

"కథేముంది? బండ" అన్నాడు మా బావ.

అక్క రోడ్డు పక్క గోడ మీద చతికిలబడింది.

"కథ లేకపోవడమేంటి? పెళ్ళికూతురు అలిగి ఉంగరం విసిరేసింది ఇక్కడేగా. తర్వాత దొంగలొచ్చారు. కాదు, దొంగలు ముందే ఉన్నారు. ఆ ఉంగరం పోయి దొంగల మూటలో పడింది. అప్పుడు పెళ్ళికొడుకు... పెళ్ళికొడుకు ఎక్కడున్నాడు చెప్మా?"

తను బిగించిన చక్రాన్ని ఇంకెవరో వంకరగా బిగిస్తుంటే చూస్తున్నట్టు చూశాడు మా బావ. కాసేపు ఓర్చుకున్నాడు. పెళ్ళికొడుకును కూడా దొంగల్లో కలిపేసరికి ఇక ఆగలేకపోయాడు.

"అసలు ఉంగరమని ఎవరు చెప్పారు నీకు?"

"మీరే."

"నేనా? ఉంగరం విసిరితే చప్పుడవుతుందా? గాజు! అది ఈ బండకు తగిలి పగిలితేనే కదా దొంగలు ఉలిక్కిపడి లేచింది. ముందు నుంచి చెప్పాలి, నీకిలా కాదు. సైకిలెక్కు, పోతూ చెప్తాను."

అక్క ఎక్కింది. ఆయన మెడ వెనక్కి తిప్పి, ఒక చేయి గాల్లో ఊపుతూ మొదలుపెట్టాడు. పల్లం రావడంతో ఇద్దరూ జోరందుకున్నారు. ఇన్నేళ్ళూ అద్దాలెత్తుకుని తోలిన దారిలో కథ సగం గాలికి పోతుంటే, నేను పెడళ్ళు బలంగా తొక్కుతూ అరిచాను: "బావా, కాస్త గట్టిగా!"