అలుగు చూడబోతే

తెలివితక్కువతనం నాదే. సూర్యాపేట దగ్గర, మన అడవి జంతువుల్ని మాత్రమే ఉంచే చిన్న జూలో కాపలాదారు యాదయ్య, "ఇంకో గంటల మూసేస్తం, అలుగు సూడకుండ పోకుండ్రి సార్" అన్నాడు. చెరువు నిండితే నీళ్ళు పొర్లే అలుగనుకుని, జూ వెనకనున్న చెరువు కట్టంతా నడిచొచ్చాను.

"అలుగంటే గిది సార్!" అని పడీపడీ నవ్వాడు యాదయ్య. బోనులో ఒంటినిండా పొలుసులున్న జంతువు ఉండలా చుట్టుకుని ఉంది. "మా దిక్కు రెండూ అలుగే. అలికిడైతే గిట్ల ముడుసుకుంటది."

దాని మూతైనా చూద్దామని గేటు మూసేదాకా నిలబడ్డాను. విప్పుకోలేదు.

వెళ్తూ వెళ్తూ, "మా ఆవిడ ఇంట్లోనే ఒక అలుగును సాకుతోందయ్యా" అన్నాను.

"అమ్మో, కేసయితది సార్! ఏం పెడ్తరు?"

"పప్పన్నం. ఉప్పు తగ్గితే ముడుచుకుని అలుగుతుంది. ఇదిగో, నీ ఎదురుగానే నిలబడింది."