అత్తగారి పిడికిలి

నేను ఏలూరు కాపురానికి వచ్చేనాటికే మా అత్తగారి వంటింట్లో దేవుడి కుండ ఉండేది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఆవిడ రోజూ ఒక గుప్పెడు తీసి అందులో వేసేవారు. ఆదివారం ఆ బియ్యం దొరల మిషను గుడికి వెళ్ళేవి.

కొల్లేరు పొంగి మా చేలు మునిగిన ఏడు, పిల్లలు అర్ధాకలితోనే కంచాల ముందు నుంచి లేచేవారు.

“ఈ నాలుగు రోజులూ మానేద్దామండీ. దేవుడేమీ అనుకోడు,” అన్నాను.

“ఆయన అనుకోడమ్మా. నా చెయ్యి మర్చిపోద్ది,” అన్నారు.

ఆ మాట నాకు నచ్చలేదు. ఇప్పటికీ అంతగా నచ్చదు.

చివరి రోజుల్లో ఆవిడ నన్నే కాదు, కన్నకొడుకునీ పోల్చుకోలేదు. ఎసరు మరిగే చప్పుడు వినబడితే మాత్రం, మంచం మీదే పిడికిలి బిగించి, పక్కకు చాచి, మెల్లగా విప్పేవారు.